సోలార్ హీటర్ మీద వ్యాసం రాస్తున్న తమ్ముడికి

అమెరికాలో డెన్వర్‌లో ఉన్న చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. ఇంటికి నువ్వే తక్కువ ఖర్చులో చేసుకున్న సోలార్ వాటర్ హీటర్ గురించి తెలుగులో రాయాలనుకోవడం నాకు బాగా నచ్చింది. మొదటి రెండు పేజీలు మాత్రం తీసెయ్. సూర్యుడు తరగని శక్తి అనీ, కరెంటు బిల్లులు పెరుగుతున్నాయనీ చెప్పించుకోవడానికి ఎవరూ నీ దగ్గరికి రారు. నీ దగ్గరున్న అసలు సరుకంతా ఆరో పేజీలో ఒక్క వాక్యంలో నక్కి ఉంది: ‘పంపు ఆగగానే ప్యానెల్‌లో నీళ్లన్నీ కిందికి దిగిపోతాయి.’ వ్యాసం అక్కడ మొదలుపెట్టు.

ఎందుకో చెప్తాను. నీ పాఠకుడు విజయవాడలోనో వరంగల్‌లోనో డాబా మీద సోలార్ హీటర్ చూసినవాడు. పైన ట్యాంకు, దాని కింద ఏటవాలుగా ప్యానెల్. వేడెక్కిన నీరు తేలికై తనంతట తానే ట్యాంకులోకి ఎక్కుతుంది, పంపుతో పనే లేదు. అలాంటివాడికి వచ్చే మొదటి అనుమానం, ‘అంత సులువుగా అయ్యేదానికి బేస్‌మెంట్‌లో ట్యాంకు, పంపు, కంట్రోలర్, ఈ తలనొప్పంతా దేనికి?’ అని. నువ్వు దీనికి జవాబు చెప్పకుండానే ప్లైవుడ్ కొలతల్లోకి దిగిపోయావు.

జవాబు నీకు తెలుసు, డెన్వర్ చలి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, రాగి గొట్టమైనా చీలిపోతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, దాన్ని వదలకు. మబ్బులేని రాత్రి ప్యానెల్ తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది కాబట్టి, చుట్టూ గాలి సున్నాకి రెండు మూడు డిగ్రీలు పైన ఉన్నా లోపలి నీళ్లు గడ్డకట్టవచ్చు. థర్మామీటర్ చూసి ధైర్యంగా పడుకోవడానికి వీల్లేదు. ఈ దెబ్బ తిన్నవాళ్లు మనకంటే ముందే ఉన్నారు. కాలిఫోర్నియాలో విలియం బెయిలీ 1909లో ట్యాంకునీ ప్యానెల్‌నీ విడదీసి, ట్యాంకును ఇంట్లో పెట్టి హీటర్లు అమ్మాడు. 1913లో ఎన్నడూ లేని చలి వచ్చి ప్యానెళ్లలో గొట్టాలు పగిలాయి. అప్పుడాయన ప్యానెల్‌లో తిరిగే నీటికి ఆల్కహాల్ కలిపి, ఇంట్లో వాడే నీళ్లను దానితో కలవకుండా వేరు చేశాడు. ఇప్పుడు ఆ పని గ్లైకాల్ అనే, నీళ్లను గడ్డకట్టనివ్వని ద్రవంతో చేస్తున్నారు. నువ్వు ఎంచుకున్నది రెండో దారి, డ్రెయిన్‌బ్యాక్. రాత్రి ప్యానెల్‌లో గాలి తప్ప ఏమీ మిగలనివ్వకపోవడం. గ్లైకాల్ కొనే ఖర్చు లేదు, కొన్నేళ్లకోసారి మార్చే పనీ లేదు. ఈ రెండు దారులనూ పక్కపక్కన పెట్టి, నువ్వు ఇదే ఎందుకు పట్టుకున్నావో చెప్తే పాఠకుడు నీ వెంట వస్తాడు.

ఇక కొలతలు. ‘గొట్టానికి అడుగుకు పావు అంగుళం వాలు ఇవ్వాలి’ అని రాసి ఊరుకున్నావు. చదివినవాడు రసమట్టం పెట్టి రెండు చివరలూ సరిచూసుకుంటాడు, సంతోషిస్తాడు. కానీ రెండు క్లాంపుల మధ్య గొట్టం కాస్త కుంగిందనుకో, ఆ పల్లంలో గ్లాసెడు నీళ్లు నిలబడిపోతాయి. మైనస్ 20 డిగ్రీల రాత్రి పగలడానికి ఆ గ్లాసెడు చాలు. కాబట్టి వాలు ఎంతో చెప్పిన చోటే, నీళ్లు ఎక్కడా నిలవకూడదనీ క్లాంపులు దగ్గరదగ్గరగా ఉండాలనీ రాయి. కారణం తెలిసినవాడు నువ్వు రాయని మూలమలుపు దగ్గర కూడా సొంతంగా ఆలోచించుకుంటాడు.

తిరిగొచ్చే గొట్టం సంగతీ అంతే. దాని చివర ట్యాంకులో నీటిమట్టానికి పైనే ఉండాలన్నావు, బొమ్మ కూడా వేశావు. ఎందుకన్నది లేదు. పంపు ఆగినప్పుడు ఆ చివర నుంచే గాలి పైకి వెళ్లి ప్యానెల్‌లోకి చేరాలి. అది నీళ్లలో మునిగి ఉంటే గాలి దారి మూసుకుపోతుంది, ప్యానెల్ ఖాళీ కాదు. అలాగే, అలవాటున్న ప్లంబర్ ఎవరైనా పంపు తర్వాత నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టేస్తాడు, మంచి పని చేశాననుకుంటాడు. ఇక్కడ అదే కొంప ముంచుతుంది, ఎందుకంటే పంపులోంచి నీళ్లు వెనక్కి దిగడమే మనకు కావాలి. ఈ హెచ్చరిక నీ వ్యాసంలో ఎక్కడా లేదు. కథలో తప్పు దొర్లితే పాఠకుడు విసుక్కుని పక్కన పెడతాడు. నువ్వు ఒక వాక్యం మర్చిపోతే వాడి ఇంటి సీలింగు తడుస్తుంది.

లెక్కలు మన పాఠకుడికి అలవాటైన యూనిట్లలో చెప్పు. 200 లీటర్ల నీళ్లను 10 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు తేవాలంటే సుమారు 9.3 యూనిట్ల కరెంటుకు సరిపడా వేడి కావాలి. బాగా ఎండకాసిన రోజు చదరపు మీటరుకు 5 యూనిట్లు పడి, అందులో సగం పట్టుకోగలిగితే నాలుగు చదరపు మీటర్ల ప్యానెల్ సరిపోతుంది. చలికాలంలో సగం కూడా దక్కదు, కొంత వేడి అద్దంలోంచే పోతుంది. అది దాచకు. నీళ్లు సగమే వేడెక్కాయి, మిగతాది ఇంట్లో హీటర్ చూసుకుంది అని రాస్తే నీ మాట మీద నమ్మకం పెరుగుతుందే కానీ తగ్గదు. ప్యానెల్‌ను 55 డిగ్రీలు ఎందుకు నిలబెట్టావో కూడా ఒక ముక్క రాయి. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం విజయవాడలో సూర్యుడు 50 డిగ్రీల ఎత్తున ఉంటే, డెన్వర్‌లో 27 దాటడు. మంచు జారిపోవడానికీ ఆ వాలు మేలు.

‘చవకగా’ అన్న మాట నీ వ్యాసంలో అడుగడుగునా ఉంది. ఎక్కడ చవక పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో తేల్చి చెప్పు. పాత తలుపుల టెంపర్డ్ గ్లాసు, ప్లైవుడ్ పెట్టెకు లోపల రబ్బరు షీటు పరిచి చేసిన ట్యాంకు, ఇవి భేషైన పొదుపు. ఆ ట్యాంకుకు ప్రెజర్ లేదు, కుళాయి నీళ్లు అందులో మునిగిన కాయిల్‌లోంచి మాత్రమే పోతాయి, అందుకే ఆ పొదుపు చెల్లింది. ప్యానెల్ వెనక థర్మోకోల్ వేస్తే మాత్రం చెల్లదు. ఎండలో పంపు ఆగి ఖాళీగా కాలే ప్యానెల్‌లో అది కరిగి ముద్దవుతుంది. వేడిని తట్టుకునే పాలీఐసో బోర్డు వెయ్యాల్సిందే. వేడినీళ్లకు చన్నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వ్ దగ్గరా పొదుపు వద్దు, అది లేకపోతే వేసవిలో కుళాయి తిప్పిన పిల్లల చేతులు కాలతాయి. ఈ వాల్వ్ గురించి నువ్వు చివర్లో బ్రాకెట్లో రాశావు. బ్రాకెట్లు తీసి పైకి తీసుకురా.

తిరగరాశాక ఎప్పుడూ పానా పట్టని ఎవరికైనా చదివి వినిపించు. విన్నాక నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో వాళ్లచేత కాగితం మీద గీయించు. గీత ఎక్కడ తప్పితే అక్కడి పేరా మళ్లీ రాయి. ఆ ప్రతి, దానితోపాటు తిరిగొచ్చే గొట్టం చివర కనబడేలా ట్యాంకు ఫొటో, జనవరిలో రోజూ రాసుకున్న ఉష్ణోగ్రతలు పంపు. చదివి పది రోజుల్లో రాస్తాను.

ఇట్లు,
నీ మాస్టారు