బుల్ షార్క్‌కు కోపం ఎక్కువా?

బుల్ షార్క్ నదుల్లోకీ వస్తుందట. స్వర్ణముఖికి వరద వస్తే మా ఊరి దాకా రాగలదా?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

నదుల్లోకి రావడం నిజమే. అమెజాన్‌లో సముద్రానికి సుమారు 3,700 కిలోమీటర్ల ఎగువన, పెరూలోని ఇకిటోస్ దగ్గర కూడా కనిపించింది. 1937లో అమెరికాలో మిసిసిపి నదిలో, ఆల్టన్ వద్ద ఒకటి పట్టుబడింది. సొరలు ఒంట్లో యూరియా నిల్వ పెట్టుకుని రక్తాన్ని సముద్రపు నీటికి దీటుగా ఉంచుకుంటాయి. ఆ రక్తంతో మంచినీటిలోకి దిగితే నీరు లోపలికి చొరబడుతుంది, ఉప్పు బయటికి జారిపోతుంది. బుల్ షార్క్ అప్పుడు యూరియాను బాగా తగ్గించుకుంటుంది. పేగు చివర ఉప్పును బయటికి పంపే గ్రంథి దాదాపు పని మానేస్తుంది. మూత్రపిండాలు ఉప్పును వెనక్కు లాక్కుని, పలచటి మూత్రాన్ని విపరీతంగా వదులుతాయి. నదుల్లో తిరిగేవి ఎక్కువగా పిల్లలే. పెద్ద సొరలు తమ జాతి పిల్లలనూ తింటాయి కాబట్టి వాటికి ఏరే క్షేమం.

స్వర్ణముఖి సంగతి వేరు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. నాలుగు రోజుల వరదనీటిలో లోతూ నిలవదు, తిండీ దొరకదు. నిశ్చింతగా ఉండండి.

అన్ని జంతువుల్లోకీ టెస్టోస్టెరాన్ దీనికే ఎక్కువ, అందుకే అంత దూకుడు అని వీడియోల్లో చెబుతున్నారు. నిజమా?
– ఒక విద్యార్థిని, తిరుపతి

నమ్మకండి. కొలిచింది అతి కొద్ది సొరల్లోనే. పైగా ఆ హార్మోను వయసును బట్టి, జత కట్టే కాలాన్ని బట్టి మారిపోతుంది. ఈ జాతిలో మగవాటికన్నా ఆడవే పెద్దవన్నది ఆ వీడియోల్లో ఎవరూ చెప్పరు.

అసలు కారణం అది వేటాడే చోటు. బురద నీటిలో, నది సముద్రంలో కలిసే మొగల దగ్గర, తెల్లవారుజామున, మసక చీకట్లో వేటాడుతుంది. కళ్లు చిన్నవి. దూరాన వాసన, దగ్గరికొచ్చాక నీటి కదలిక, మరీ దగ్గరైతే ముట్టె మీది జిగురు నిండిన సన్నని రంధ్రాలు పసిగట్టే విద్యుత్తు – వీటినే నమ్ముకుంటుంది. చాలాసార్లు ముందు ముట్టెతో ఒక గుద్దు గుద్ది చూస్తుంది, ఆ తర్వాతే కరుస్తుంది. సన్నటి కింది పళ్లు పట్టుకుంటాయి. రంపంలాంటి వెడల్పాటి పై పళ్లు, తల విదిలించగానే కోసేస్తాయి. మామూలు తిండి చేపలు, చాపలా పరుచుకుని ఉండే టేకు చేపలు, చిన్న సొరలు. మనిషి దాని మెనూలో లేడు. కానీ మనం స్నానానికి దిగే లోతు, అది వేటకు తిరిగే లోతు ఒకటే. నీరు బురదగా ఉంటే కాలేదో చేపేదో అది కరిచి చూసుకోవాల్సిందే. తెల్ల సొర, పులి సొరలతో పాటు ప్రమాదకరమైన మూడింటిలో దీన్ని లెక్కించడానికి ఈ పొరుగుతనమే కారణం.

తూపిలిపాళెం బీచ్‌కి పిల్లలతో వెళ్తున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక గృహిణి, చిత్తూరు

అక్కడ సొరకన్నా లోపలికి లాగే అలలకే భయపడాలి. పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి. వానల తర్వాత నీరు ఎర్రగా ఉన్నా, పక్కనే వల లాగుతున్నా, చేపల కడుగు పోస్తున్నా అసలు దిగొద్దు. ఎక్కడైనా సొర కనిపిస్తే నీళ్లు చిమ్మకుండా, దానివైపే చూస్తూ మెల్లగా ఒడ్డుకు జరగాలి. పట్టుకుంటే మాత్రం కళ్లమీద, మొప్పలమీద కొట్టాలి. ప్రాణం తీసేది ఎక్కువగా నెత్తురు పోవడమే కనుక, ఒడ్డుకు చేరగానే శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి పట్టి, వదలకుండా 108కి ఫోన్ చేయించండి.

మార్కెట్లో కొనే సొర బుల్ షార్కేనా?
– ఒక పాఠకుడు, పుత్తూరు

సొర పుట్టు (సొరచేప తురుముతో చేసే వంటకం) కోసం మీరు కొనేది సాధారణంగా పాల సొర. సైజు చూసి మాత్రం తేల్చలేరు, బుల్ షార్క్ పిల్ల పుట్టేటప్పుడే 55 నుంచి 80 సెంటీమీటర్లుంటుంది. ముట్టె పొట్టిగా, మొద్దుగా, వెడల్పుగా ఉండి, వీపు మీది మొదటి రెక్క రెండోదానికి మూడింతలుంటే బుల్ షార్కని అనుమానించవచ్చు. రెండో రెక్క మొదటిదాంట్లో సగం దాకా ఉంటే ఆగండి. అది గంగా సొర కావచ్చు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న ఆ చేపను పట్టడమూ అమ్మడమూ నేరమే.