నాన్నగారి రికార్డులకు అరవై వేల ప్లేయర్ అవసరమా?

ప్రశ్న: మాది నాచారం. ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికి 58,000 వస్తుంది. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 41,000, మ్యూచువల్ ఫండ్ సిప్ 5,000. అత్యవసరానికని బ్యాంకులో 90,000 ఉంచాను. అప్పులు లేవు. మా నాన్నగారు పోయాక ఆయన దాచుకున్న 180 ఎల్పీలు, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డులు (78లు) ఓ పాతిక, హెచ్‌ఎంవీ ఫియెస్టా ప్లేయర్ మా ఇంటికి చేరాయి. ఎక్కువగా ఘంటసాల, బాలమురళీకృష్ణ. వాటిని మంచి ప్లేయర్ మీద వినాలని కోరిక. సికింద్రాబాద్‌లో ఒకాయన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 మార్క్ 2ను 60,000కు ఇస్తానంటున్నారు. కార్డు మీద 16 శాతం వడ్డీకి 24 నెలల ఈఎంఐ పెట్టుకోవచ్చని బ్యాంకువాళ్లు చెప్పారు. అమెరికా నుంచి తిరిగొచ్చి కొండాపూర్‌లో ఉంటున్న ఒక కుటుంబం పయనీర్ పీఎల్-12డీని 14,000కు అమ్ముతోంది. ఫియెస్టాను బాగు చేయిస్తే 4,000 అవుతుందని కోఠీలో చెప్పారు. పాత టర్న్‌టేబుల్ ధర ఏటా పెరుగుతుంది, పెట్టుబడి అనుకో అని మా బావగారి మాట. ఏం చేయమంటారు?

జవాబు: మీరు మూడు యంత్రాల గురించి అడిగారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైనవిగా కనిపించినవి ఆ 180 ఎల్పీలు. యంత్రం పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు. రికార్డు గాడి అరిగితే దాన్ని తిరిగి తెచ్చేవాళ్లు ఎవరూ లేరు. అందుకే మీ డబ్బు ముందుగా గాడిని తాకే భాగానికి వెళ్లాలి. అంటే సూది, దాని కదలికను శబ్ద సంకేతంగా మార్చే కార్ట్‌రిడ్జ్, ఈ రెంటినీ మోసే కడ్డీ (దాన్నే చేయి అంటారు) గాడి మీద మోపే బరువు. రికార్డును తిప్పే పళ్లెం, పెట్టె, బ్రాండు పేరు ఆ తర్వాతి సంగతి.

ఈ లెక్కన చూస్తే చవగ్గా కనిపించే ఫియెస్టానే మీకు ఖరీదైనది. అలాంటి పోర్టబుల్ ప్లేయర్లలో ఉండేది సెరామిక్ రకం కార్ట్‌రిడ్జ్. సూది గాడి మీద ఐదారు గ్రాముల బరువు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, మోపుతుంది. ఇప్పుడు దొరికే మంచి మాగ్నెటిక్ కార్ట్‌రిడ్జ్‌లకు రెండు గ్రాముల దగ్గర చాలు. పైగా ఫియెస్టాలో ఉన్న సూది ఎన్నేళ్ల క్రితం మార్చారో ఎవరికి తెలుసు? దాన్ని జ్ఞాపకంగా ఉంచుకోండి, తుడిచి షెల్ఫులో పెట్టండి. నాన్నగారి ఎల్పీలను మాత్రం దాని మీద పెట్టకండి. సూట్‌కేస్ ఆకారంలో కొత్తగా వస్తున్న చవక ప్లేయర్లలో చాలావాటికీ ఇదే ఇబ్బంది.

ఇక టెక్నిక్స్. మంచి యంత్రమే, అందులో నాకు రెండో మాట లేదు. మార్క్ 2 వచ్చింది 1979లో. బెల్టు ఉండదు, పళ్లెం కిందే మోటారు, వేగాన్ని క్వార్ట్జ్ పట్టి ఉంచుతుంది. కానీ చాలా యంత్రాలు డీజేల చేతుల్లో ఏళ్ల తరబడి నలిగి బయటికొచ్చాయి. చేతి బేరింగులు వదులైపోయి ఉంటే పైకి కనిపించదు. ఒకవేళ జపాన్ మార్కెట్ యంత్రమైతే 100 వోల్టులది, ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. మీ దగ్గరున్న 78లకు అందులో వేగమే లేదు, 33, 45 మాత్రమే.

ఈఎంఐ లెక్క కూడా చూడండి. 60,000కు 16 శాతం వడ్డీతో 24 నెలలంటే నెలకు దాదాపు 2,940. మొత్తం వడ్డీ 10,500 దగ్గర తేలుతుంది. కార్డు ఈఎంఐ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కలుస్తుంది, అది మరో 1,900. ప్రాసెసింగ్ ఫీజు లెక్కలో వేయకుండానే ఆ యంత్రం మీకు 72,000 దాటుతుంది. ఆ తర్వాత కొత్త సూదికి డబ్బెక్కడిది? ఇంట్లో రెండు నెలల ఖర్చుకు కాస్త పైగా మాత్రమే అత్యవసర నిధి ఉన్న మనిషి, వినోదం కోసం రెండేళ్ల అప్పు నెత్తికెత్తుకోవడం నాకు ఒప్పుకోలేని విషయం. ఉద్యోగం మూడు నెలలు ఆగితే ఆ 2,940 కూడా కొండంత అవుతుంది.

కొండాపూర్ పయనీర్ దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే మన ఊళ్లో ఇలాంటి బేరాలు చాలా తగులుతాయి. అమెరికాలో ఉన్నవాళ్లు సామానుతో తిరిగొస్తారు, వాటిలో టర్న్‌టేబుళ్లు కూడా ఉంటాయి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వోల్టేజీ తేడాకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుంది, అమ్మేవాళ్లు కూడా అదే చెబుతారు. కానీ పీఎల్-12డీలో ఉన్నది సింక్రనస్ మోటారు, దాని వేగాన్ని నిర్ణయించేది హెర్ట్జ్, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క. 60కి చేసిన మోటారును 50 మీద తిప్పితే ఆరింట ఐదు వంతుల వేగమే వస్తుంది. నిమిషానికి 33⅓ తిరగాల్సిన పళ్లెం 27.8 దగ్గర ఆగుతుంది. శ్రుతి దాదాపు మూడు స్వరస్థానాలు కిందికి జారుతుంది. బాలమురళి గొంతు బాలమురళిది కాకుండా పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ హెర్ట్జ్‌ను మార్చలేదు.

దీనికి మందు లేకపోలేదు. మోటారు కడ్డీ మీద ఉండి బెల్టును తిప్పే చిన్న పుల్లీని 50 హెర్ట్జ్‌కు సరిపోయేదానితో మార్చాలి, అది దాదాపు ఐదోవంతు లావుగా ఉండాలి. మీ నాచారం పారిశ్రామికవాడలో లేత్ పని చేసేవాళ్లు ఇత్తడితో చేయగలరు. అయితే బెల్టు మందం కూడా లెక్కలోకి వస్తుంది, పుల్లీ పిసరంత వంకరగా ఉన్నా పాట ఊగుతుంది. కాబట్టి యంత్రం వెనకో అడుగునో వోల్టులు, హెర్ట్జ్ రాసి ఉండే రేటింగ్ ప్లేటు ఫొటో పంపమని ముందు వాళ్లను అడగండి. 50 హెర్ట్జ్ అని కూడా ఉంటే పుల్లీ ఏ రకానిదో చూసి మాట్లాడొచ్చు. 60 ఒక్కటే ఉంటే ట్రాన్స్‌ఫార్మర్, పుల్లీ, బెల్టు, సూది ఖర్చులన్నీ మీవే అవుతాయి. అప్పుడు ఏడెనిమిది వేలు దాటి ఇవ్వకండి.

ఇలాంటి తలనొప్పులెందుకు, విదేశాల నుంచి పాతదొకటి తెప్పించుకుందాం అనిపిస్తే, వాడిన సామాన్ల దిగుమతి మన విధానంలో నియంత్రిత జాబితాలో ఉంది. కస్టమ్స్ దగ్గర ఇరుక్కునే ప్రమాదం ఉంది, ఆ దారి వద్దు.

బావగారి పెట్టుబడి మాట గురించి. పెట్టుబడి అంటే అవసరమైన రోజున ఒక ధరకు అమ్ముడుపోవాలి, లేదా మధ్యలో ఆదాయం ఇవ్వాలి. టర్న్‌టేబుల్ ఈ రెండూ చేయదు. ఏటా బెల్టు, సూది అంటూ మీ దగ్గర తీసుకుంటుంది. సొంతానికి వాడుకునే ఇలాంటి వస్తువు లాభానికి అమ్మితే మూలధన లాభాల పన్ను పడదన్నది నిజమే, కానీ నష్టానికి అమ్మితే దాన్ని ఎక్కడా సర్దుకోలేరు కూడా. దీన్ని ఖర్చుగానే రాసుకోండి. మీకు ఇష్టమైన ఖర్చు, చేయదగిన ఖర్చు.

నెలకు మీకు 12,000 మిగులుతోంది. అందులో 6,000 అత్యవసర నిధికి పంపండి. ఆరు నెలల్లో 90,000 కాస్తా 1,26,000 అవుతుంది, అంటే మూడు నెలల ఖర్చుకు కొంచెం పైన. సిప్ ఆపొద్దు. 4,000తో ఒక రికరింగ్ డిపాజిట్ ఏడు నెలలకు వేయండి, వడ్డీ కాకుండా 28,000 చేరుతుంది. మిగతా రెండు వేలు ఇంటికి వదిలేయండి. ఆ 28,000లో యంత్రానికి 14,000 దాటకండి. కార్ట్‌రిడ్జ్‌కు, సూదికి 5,000, కార్ట్‌రిడ్జ్ నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పెంచి సరిచేసే ఫోనో ప్రీయాంప్‌కు 3,000, బెల్టు, నూనె, మెకానిక్ కూలికి 2,000. మిగిలే 4,000 మొదటి మూడు నెలలు ముట్టుకోకండి. పాత యంత్రం ఇంటికొచ్చాక ఏదో ఒకటి అడుగుతుంది, అప్పుడు అది పనికొస్తుంది. స్పీకర్ల సంగతి మీరు రాయలేదు. కంప్యూటర్‌కు వాడే ఆంప్లిఫయర్ కలిసిన స్పీకర్లు ఇంట్లో ఉంటే మొదటి ఏడాదికి అవే చాలు.

ఈ ఏడు నెలల్లో చేయాల్సిన పని ఒకటుంది. యంత్రం కన్నా ముందు మెకానిక్‌ను వెతకండి. కోఠీ గుజరాతీ గల్లీలో అడుగుతూ పోతే పాత ఆడియో బాగుచేసేవాళ్లు తగులుతారు. మీ ఫియెస్టా తీసుకెళ్లి చూపించండి, ఆయన దాన్ని ఎలా విప్పుతారో చూస్తే పనితనం తెలిసిపోతుంది. ఎర్రగడ్డ ఆదివారం సంతకు, జుమ్మేరాత్ బజార్‌కు కూడా వెళ్లి రండి, కొనడానికి కాదు, ధరలు చెవిన పడటానికి. ఆన్‌లైన్‌లో కనిపించినదానికి ముందే అడ్వాన్సు పంపకండి. ప్లేయర్ తిరగడం చూశాకే డబ్బు.

చూడటానికి వెళ్లేటప్పుడు మీ దగ్గరున్న వాటిలో పోయినా బాధపడని రికార్డు ఒకటి పట్టుకెళ్లండి. పళ్లెం అంచున చిన్న కాగితం ముక్క అంటించి ఫోన్‌లో మూడు నిమిషాలు పెట్టి లెక్కించండి. 33⅓ వేగానికి సరిగ్గా 100 చుట్లు రావాలి. ఏ పరికరమూ అక్కర్లేని పరీక్ష ఇది. చేతి వెనక బరువును తిప్పి, చేయి గాలిలో సమంగా తేలేలా చేయండి. మెల్లగా ఊదితే ఎక్కడా పట్టేయకుండా కదలాలి. పట్టేస్తే బేరింగు పోయింది, అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేయండి. బెల్టు సాగిపోయిందా, కొన్ని రకాల్లో పళ్లేన్ని తిప్పే రబ్బరు చక్రం గట్టిపడిందా అన్నవి బాగయ్యే జబ్బులు, వాటి పేరుతో ధర తగ్గించమనండి. చేయి దానంతటదే కదిలే ఆటోమేటిక్ రకాల్లో పాత గ్రీజు గడ్డకట్టి చేయి కదలకపోవడం మామూలే, శుభ్రం చేస్తే చాలావరకు దారికొస్తుంది.

అమ్మే ఆయన "ఒరిజినల్ షూర్ కార్ట్‌రిడ్జ్ ఉంది" అంటే దానికి సున్నా విలువ కట్టండి. షూర్ 2018లో కార్ట్‌రిడ్జ్‌ల తయారీ మానేసింది. ఉన్న సూది ఎంత అరిగిందో చెప్పలేం. కొన్ని మోడళ్లకు జపాన్ జికో కంపెనీ సూదులు దొరుకుతాయి, అవి చవక కాదు. ఆడియో టెక్నికా లాంటి ఇప్పటికీ తయారీలో ఉన్న రకం వేయించుకుంటే మీకు ఏటా ఖర్చెంతో ముందే తెలుస్తుంది. ఆ కంపెనీ లెక్క ప్రకారం గుండ్రటి మొన 500 గంటలు, కోలగా ఉండే ఎలిప్టికల్ మొన 300, మరింత సన్నగా చెక్కిన మైక్రోలీనియర్ మొన 1,000 గంటలు వస్తాయి. రోజుకు గంట వింటే 500 గంటలంటే పదహారు నెలల పైమాట. సూది 2,500 పడితే గంటకు ఐదు రూపాయలు. కొనేటప్పుడు ఎప్పుడూ ఇలా గంటల మీద భాగించి చూడండి, ఖరీదైన మొన కొన్నిసార్లు చవకగా తేలుతుంది. సూది మార్చిన తేదీ రికార్డు అట్ట లోపల పెన్సిల్‌తో రాసుకోండి.

ఇంటికొచ్చాక వచ్చే ఇబ్బందుల్లో సగానికి పైసా ఖర్చు లేదు. "గుమ్" అని రొద వస్తుంటే సన్నని ఎర్త్ తీగ ఆంప్లిఫయర్‌కు బిగించారో లేదో చూడండి. పాట పీలగా, లోతు లేకుండా వినిపిస్తే ఫోనో ప్రీయాంప్ లేకుండా కలిపారని అర్థం. రికార్డులో మంద్ర స్వరాలను తగ్గించి, పై స్వరాలను పెంచి చెక్కుతారు, ప్రీయాంప్ దాన్ని తిరిగి సరిచేస్తుంది. ఒక వైపు శబ్దం రాకపోతే ఆంప్లిఫయర్ వెనక ఎడమ, కుడి పిన్నులను మార్చి పెట్టండి. మౌనం రెండో స్పీకర్‌కు మారితే లోపం ప్లేయర్‌లో, మారకపోతే ఆంప్లిఫయర్‌లోనో స్పీకర్‌లోనో. ప్లేయర్‌లో అయితే తరచుగా కార్ట్‌రిడ్జ్‌ను బిగించే హెడ్‌షెల్ పిన్నులకు పట్టిన మకిలే కారణం, తుడిస్తే పోతుంది. సూది ఎగురుతుంటే పాతకాలంలో చేతి మీద పావలా బిళ్ల పెట్టేవారు. ఆ పని మీరు చేయకండి, గాడి కోసుకుపోతుంది. చిన్న డిజిటల్ తూకంతో బరువు సరిచూడండి, ప్లేయర్ సమంగా ఉందో చూడండి. మనుషులు నడిస్తే ఎగురుతుంటే వంటగట్టుకు వాడగా మిగిలిన గ్రానైట్ ముక్కను రబ్బరు కాళ్ల మీద పెట్టి దానిపై ప్లేయర్ ఉంచండి. రాళ్ల దుకాణాల్లో అలాంటి ముక్కలు అడిగితే దొరుకుతాయి.

రికార్డులను ఇప్పటినుంచే నిలువుగా నిలబెట్టండి. ఒకదానిపై ఒకటి పేర్చకండి, మన ఏప్రిల్, మే ఎండకు కిటికీ పక్కన వదిలేయకండి, ఎల్పీలు వంగిపోతాయి.

ఆ పాతిక 78ల గురించి. వాటి గాడి వెడల్పు ఎల్పీకి మూడింతల దగ్గర ఉంటుంది, వాటికి వేరే సూది, వేరే వేగం కావాలి. కొనే యంత్రంలో 78 వేగం ఉంటే సంతోషం, లేకపోతే దాని కోసం ధర పెంచుకోకండి, అవి రెండో ఏడాది పని. ఎల్పీ సూదిని వాటి మీద పెట్టొద్దు. లక్కతో చేసినవి కాబట్టి ఆల్కహాల్ కలిసిన ద్రవాలతో తుడిచినా కరిగిపోతాయి. డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో, మధ్యలో లేబుల్ తడవకుండా తుడిచి, కాగితం కవర్లలో పెట్టి ఉంచండి.