లీలాతో హిందీ నేర్చుకోవచ్చా?

ప్రశ్న: నేను కాజీపేటలో కేంద్ర ప్రభుత్వోద్యోగిని. బజారులో హిందీ ధారాళంగా మాట్లాడతాను కానీ కార్యాలయ నోట్ చదవలేను. తరగతులకు వెళ్లే వీలు లేదు. కేంద్ర ఉద్యోగులకు పెట్టే తొలి స్థాయి హిందీ పరీక్ష ‘ప్రబోధ్’కు కంప్యూటర్ సాయంతో సిద్ధం కావచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తప్పకుండా కావచ్చు. కేంద్ర హోం మంత్రిత్వ శాఖలోని రాజభాషా విభాగం కోసం పుణెలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సి-డాక్ రూపొందించిన ‘లీలా’ సాఫ్ట్‌వేర్ ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ అనే మూడు స్థాయిల హిందీ పాఠాలను తెలుగు మాధ్యమంలోనూ ఉచితంగా అందిస్తోంది. అక్షరం ఏ గీతతో మొదలై ఎటు తిరుగుతుందో తెరపై చూపిస్తుంది. మీ ఉచ్చారణను రికార్డు చేసుకుని సరైన ఉచ్చారణతో పోల్చుకునే వీలు కూడా ఉంది.

అయితే మన ఓరుగల్లు వాళ్లకు అసలు చిక్కు మాటలతో కాదు, లింగంతో. ఉత్తరమైనా ఫైలైనా తెలుగులో ‘వెళ్లింది’ అంటే సరిపోతుంది. హిందీలో మాత్రం ఉత్తరం (పత్ర్) పుంలింగం, ఫైల్ స్త్రీలింగం కనుక ‘పత్ర్ భేజా గయా’ అని, ‘ఫైల్ భేజీ గయీ’ అని వేర్వేరుగా రాయాలి. దుకాణంలో ‘నక్కో’ (వద్దు) అంటే నడిచిపోయే మన దక్కనీ యాస కార్యాలయ నోట్‌లో చెల్లదు కనుక, వచ్చినదే కదా అని ప్రబోధ్ తొలి పాఠాలను దాటవేయవద్దని గట్టిగా చెబుతున్నాను. రోజూ నాలుగు వాక్యాలు చేత్తో రాయండి. సర్టిఫికెట్ మాత్రం సాఫ్ట్‌వేర్‌తో రాదు. హిందీ శిక్షణ యోజన నిర్వహించే పరీక్షకు మీ కార్యాలయం ద్వారా దరఖాస్తు చేసుకోవాలి.