సంతకం పెట్టకపోయినా ఆడిట్ అభ్యంతరం ఎందుకొచ్చిందంటే

మీ ఆఫీసు ఫర్నిచర్ కొనుగోలుకు మీ బామ్మర్ది షాపు కూడా కొటేషన్ ఇచ్చిందని, మీరు సంతకం పెట్టకపోయినా ఆడిట్ అభ్యంతరం ఎందుకొచ్చిందని అడిగారు. కొటేషన్ల మీద మీరు సంతకం పెట్టలేదు, సరే. కానీ విషయాన్ని పై అధికారికి రాసి పంపలేదు, చిక్కు అక్కడే. బామ్మర్ది ఫర్నిచర్ షాపులో మీ ఆవిడ భాగస్వామి అన్నారు. తిరుపతిలోనిదైనా మీది కేంద్ర ప్రభుత్వ ఆఫీసే కాబట్టి 1964 సీసీఎస్ (కేంద్ర సివిల్ సర్వీసుల) ప్రవర్తనా నియమాల్లోని 4(3) వర్తిస్తుంది: కుటుంబ సభ్యులకు సంబంధమున్న కాంట్రాక్టును పై అధికారికి నివేదించాలి. ఊరికే పక్కకు తప్పుకుంటే చాలదు.

1. ఈరోజే పై అధికారికి నోట్ పెట్టండి: షాపు పేరు, బంధుత్వం, ఆవిడ వాటా, కొటేషన్ సంగతి మీకెప్పుడు తెలిసిందీ. పాత తేదీ మాత్రం వేయకండి, అది అసలు తప్పుకన్నా పెద్దది.
2. నోట్ కాపీ కొనుగోలు ఫైల్లోనే ఉండాలి. చాలామంది విడిగా ఇచ్చి ఊరుకుంటారు, ఆడిటర్ తిరగేసేది ఆ ఫైలే.
3. కొటేషన్లు తెరిచిన రోజు హాజరులో మీ పేరుంటే కొట్టేయకండి. ఆరోజు ఏం చేశారో నోట్‌లో రాయండి.
4. ఆర్డర్ ఇంకా వెళ్లలేదన్నారుగా, జవాబు వచ్చేదాకా ఆపించండి.