విచార్ అంటే విచారం కాదు తల్లీ

చిట్టితల్లీ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. సిక్కుల ఇంటి కోడలివై ఏడాది తిరక్కుండానే వాళ్ల పొద్దుటి ప్రార్థన జప్‌జీ సాహిబ్ మొత్తం చదవడం వచ్చేసిందంటే మీ అమ్మ నమ్మలేదు. కానీ చివర్లో గొంతు తగ్గించి అన్నావు చూడు, "చదువుతున్నాను పెద్దమ్మా, ఏమీ అనిపించట్లేదు. బ్రాంప్టన్‌లో రైలెక్కి దిగేలోపు అయిపోతుంది" అని, ఆ మాట కోసమే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్తే ఊఁ కొట్టి మర్చిపోతావు.

ముందు నా సంగతి విను. నేను హైదరాబాదులో సిక్కులుండే బరంబాలకు కోడలినై వచ్చింది 1991లో. మా అత్తగారివాళ్ల పెద్దలు 1832లో మహారాజా రంజిత్ సింగ్ పంపిన లాహోర్ ఫౌజుతో హైదరాబాదు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, ఉర్దూ, పంజాబీ కలగలిపి మాట్లాడేవాళ్లు. వచ్చిన వారానికే మీ తాతయ్యకు ఉత్తరం రాశాను: "అత్తయ్య నాకు గుట్కా ఇచ్చారు, రోజూ పొద్దున్నే స్నానం చేసి కూర్చోమన్నారు" అని. ఉత్తరం అందిన సాయంత్రమే ఆయన బస్సెక్కి వచ్చేశారు! గుట్కా అంటే ప్రార్థనల చిన్న పుస్తకమని చూపిస్తే గానీ కూర్చోలేదు. పొగాకు గుమ్మం కూడా తొక్కని ఇల్లు మాది. అత్తయ్య నెల రోజులు నవ్వారు.

నవ్వులాట అయిపోయింది గానీ, ఆ గుట్కా నాకు ఒకటి నేర్పింది. తెలియని మాట దగ్గర ఎలాగూ ఆగుతాం. తెలిసిన మాట దగ్గరే జారిపోతాం. మన తెలుగువాళ్లకు గుర్‌బాణీలో, అంటే సిక్కు గురువుల వాక్కులో, సగం మాటలు తెలిసినట్టే ఉంటాయి. నీకు ఏమీ అనిపించకపోవడానికి అదే కారణమని నా అనుమానం.

జప్‌జీ మొదట్లో వచ్చే మూల మంత్రమే తీసుకో. "అకాల మూరతి" అని రోజూ అంటున్నావు. మన చెవికి అకాలం అంటే అకాల వర్షం, అకాల మరణం. అక్కడ అకాల్ అంటే కాలానికి అందనిది. "గుర ప్రసాది" అనగానే మనకు పులిహోర గుర్తొస్తుంది. అక్కడ ప్రసాద్ అంటే అనుగ్రహం. "సంతోఖు" సంతోషం లాగే వినిపిస్తుంది, కానీ అది తృప్తి. ఇక అసలైనది విచార్. జప్‌జీ నాలుగో పౌడీలో (పౌడీ అంటే చరణం) "అంమ్రిత వేలా సచు నాఉ వడిఆఈ వీచారు" అని వస్తుంది కదా. అమృత వేళలో, అంటే తెల్లవారకముందే, ఆ నామం గొప్పతనాన్ని విచారించమని, అంటే లోతుగా ఆలోచించమని. నేను కొత్తలో ఆ వేళకు లేచి నిజంగానే విచారంగా మొహం పెట్టుకుని కూర్చునేదాన్ని.

అందుకని ఒక నోటు పుస్తకం కొనుక్కో. ఎడమ పేజీలో, చదవగానే నీకు తోచిన అర్థం రాయి, తప్పయినా సరే. మర్నాడు కుడి పేజీలో అసలు అర్థం రాయి. టీకా కావాలంటే ప్రొఫెసర్ సాహిబ్ సింగ్ గారి దర్పణ్ ఉంది, పది సంపుటాలు. గురుముఖి లిపి ఇంకా అంత రాదంటావా, మీ అత్తగారిని అడుగు. ఆవిడకు అంతకంటే సంతోషం ఉండదు (ఇది మన సంతోషమే). ఎడమ పేజీకీ కుడి పేజీకీ మధ్య ఎంత తేడా ఉంటే ఆ రోజు విచార్ అంత బాగా జరిగినట్టు.

రోజూ ఒక్క పంక్తి చాలు. పాఠ్, అంటే రోజూ మొత్తం చదవడం, ఆపమనట్లేదు. అది దాని వేగంలో రైల్లో జరగనీ. ఈ పంక్తి మాత్రం వేరు. మూడుసార్లు పైకి చదువు, నీ చెవికి వినపడేలా. జప్‌జీలో ముందు "సుణిఐ" అని నాలుగు పౌడీలు, ఆ తర్వాతే "మంనె" పౌడీలు నాలుగు వస్తాయి. వినడం ముందు, మనసు ఒప్పుకోవడం తర్వాత. ఊరికే కళ్లు మూసుకుని ఏదో వెలుగు కనిపిస్తుందని ఎదురుచూడకు. "చుపై చుప న హోవఈ" అని మొదటి పౌడీలోనే ఉంది. నోరు మూసుకుని ఎంత సేపు కూర్చున్నా లోపలి రొద ఆగదని.

దానికి ముందు పంక్తి "సోచై సోచి న హోవఈ" మీద మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా పేచీ. సోచ్ అంటే ఆలోచన అని మీ పెదనాన్న. కాదు, శౌచం, ఎన్ని స్నానాలు చేసినా మనసు శుభ్రం కాదని అత్తయ్య. రెండు రకాలుగానూ చెప్పిన పెద్దలున్నారు. నేను ఇప్పటికీ తేల్చుకోలేదు, తేల్చుకోవాలన్న తొందరా లేదు. ఒక్కో ఏడు ఒక్కో అర్థం పనికొస్తోంది.

మన అచ్చుల అలవాటు కూడా చూసుకో. తెలుగువాళ్లం ప్రతి మాటా అచ్చుతో ముగిస్తాం కాబట్టి "సచు", "నాఉ" అని చివరి కొమ్ములు కూడా గట్టిగా పలికేస్తాం. అక్కడ చాలావరకు వాటిని పలకరు. కానీ అర్థం చూసేటప్పుడు అవే తాళంచెవులు. "గురు" అంటే గురువు. కొమ్ము పోయి "గుర" అయితే గురువు యొక్క. "ప్రసాది"లో చివర ఉన్న గుడి వల్ల అనుగ్రహంచేత అని అర్థం. మనం విడిగా చెప్పుకునే విభక్తి వాళ్లకు ఒక్క గుడిలో ఇమిడిపోయింది. అలాగే భఉ అంటే భయం, భాఉ అంటే ప్రేమ. ఒక్క దీర్ఘమే తేడా. "గావీఐ సుణీఐ మని రఖీఐ భాఉ" అన్నచోట దీర్ఘం మింగేశావంటే ప్రేమ పెట్టుకోమన్నచోట భయం పెట్టుకుంటావు.

అర్థం రాసుకునేటప్పుడు మన భాషతో ఇంకో చిక్కు. తెలుగులో క్రియ రాయాలంటే చేస్తాడా, చేస్తుందా తేలాలి. నేను చాన్నాళ్లు "ఆయన" అని రాసి, నచ్చక కొట్టేసేదాన్ని. తర్వాత గురు అర్జన్ దేవ్ గారి "తూ మేరా పితా తూహై మేరా మాతా" విన్నాక అన్నీ "నువ్వు" అని రాయడం మొదలుపెట్టాను. "నువ్వు చేస్తావు" అంటే ఏ గొడవా లేదు. పైగా రాస్తున్నదాన్ని మాట్లాడుతున్నట్టు అయిపోయింది.

హుకమ్ గురించి విడిగా చెప్పాలి. మనకు హుకుం అంటే ఎవరో దొర జారీ చేసేది. పదేళ్లు నేను ఆ మాటను అత్తగారి ఆర్డరులాగే విన్నాను, మింగుడు పడేది కాదు. "హుకమీ హోవని ఆకార" అంటే ఆ హుకమ్‌తోనే రూపాలన్నీ పుడుతున్నాయని. సృష్టి నడిచే తీరు అనుకో. ఆ రెండో పౌడీ చివర్లో, హుకమ్ తెలిసినవాడు "హఉమై" అనడు, అంటే నేను, నేను అనడు అని ఉంటుంది. ఒకసారి లంగర్‌లో, అంటే గురుద్వారాలో అందరికీ పెట్టే భోజనానికి, పప్పు నా వంతు. నేను ఉప్పు వేశాక ఇంకెవరో మళ్లీ వేశారు. నా పప్పు పాడు చేశారని గురుద్వారాలో పెద్ద రభస చేశాను. రాత్రి అత్తయ్య మెల్లగా అడిగారు, "ఇవాళ పంక్తి ఏది?" చెప్పాను. "మరి 'నా పప్పు' అని ఎన్నిసార్లన్నావో లెక్కపెట్టావా?" అన్నారు. ఎడమ పేజీలో పదకొండు గీతలు గీశాను. నాకు హుకమ్ కొంచెమైనా అర్థమైంది ఆ ఉప్పు పప్పుతోనే. నీ పంక్తిని కూడా ఆఫీసుకు తీసుకెళ్లు. మీటింగులో, ఫోన్లో, ఎక్కడ గుచ్చుకుంటుందో చూడు. సాయంత్రం రెండు ముక్కలు రాయి.

జప్‌జీ దాటి శబదాల్లోకి, అంటే గురు గ్రంథ్ సాహిబ్‌లోని కీర్తనల్లోకి, వెళ్లినప్పుడు ముందు "రహాఉ" అని రాసి ఉన్న పంక్తి వెతుక్కో. మన కీర్తనకు పల్లవి ఎలాగో దానికి అది అలాగ, శబదం సారమంతా సాధారణంగా అక్కడే ఉంటుంది. మిగతా పంక్తులు దాని చుట్టూ తిరుగుతాయి. మొదటి పంక్తి నుంచి వరసగా అర్థం చెప్పుకుంటూ పోతే తోవ తప్పుతావు. రోజూ అమృత్‌సర్ హర్‌మందిర్ సాహిబ్ (స్వర్ణ దేవాలయం) నుంచి వచ్చే హుక్మ్‌నామాను, అంటే ఆ రోజుకు గ్రంథంలోంచి తీసిన శబదాన్ని, ఇలా చూడు, ఐదు నిమిషాలు చాలు. గ్రంథం 1430 అంగ్‌లని భయపడకు. పేజీ అనరు, అంగ్ అంటారు. 1708లో నాందేడ్‌లో గురు గోవింద్ సింగ్ గారు గ్రంథాన్నే గురువుగా నిలిపారు కదా, గురువుకు పేజీలుంటాయా మరి!

అన్ని రోజులూ పండవు. నాకు నెలలకు నెలలు నోటు పుస్తకం ఖాళీగా ఉండిపోయిన కాలం ఉంది, మీ పెదనాన్నకు ఆపరేషన్ అయినప్పుడు. అప్పుడు ఉత్త పాఠే, అదీ టెన్షన్‌లో. దానికి బాధపడకు.

ఈ వారం రాత్రి పడుకునే ముందు చదివే సోహిలా ప్రార్థనలో మూడో శబదం పట్టుకో, "గగన మై థాలు". ఆకాశమే పళ్లెం, సూర్యచంద్రులు దీపాలు, చుక్కలు ముత్యాలు. ధూపం ఏమిటో తెలుసా, "మలఆనలో", మన మలయానిలమే. దక్షిణాది చందనం కొండ గాలి పంజాబీ ప్రార్థనలోకి వెళ్లి, నువ్వున్న ఆ మంచు దేశం దాకా వచ్చింది చూడు. దాని పక్కనే "పవణు చవరో కరే" అని ఉంటుంది. చవరో అంటే నేను చెప్పను. ముందు నీకు తోచింది ఎడమ పేజీలో రాసి, అప్పుడు మీ అత్తగారిని అడుగు. రెండూ ఫొటో తీసి పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ