అక్కడ 91, ఇక్కడ 116: రెండు దేశాల్లో చేయించిన ఐక్యూ పరీక్షల్లో ఏది నమ్మాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: బాబుకి 8 ఏళ్ల 4 నెలలు. టెక్సాస్‌లో స్కూలు వాళ్లు ఇంగ్లీషులో విస్క్-5 (వెక్స్లర్ పేరుతో ఉన్న పిల్లల ఐక్యూ పరీక్ష, ఐదో కూర్పు) చేస్తే 91 వచ్చింది. సెలవులకి హైదరాబాద్ వచ్చినప్పుడు తెలుగులో బినే-కామత్ (మన దేశంలో వాడే పాత ఐక్యూ పరీక్ష) చేయిస్తే 116 వచ్చింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఏది నిజం?

రెండు పరీక్షలూ సరిగ్గానే జరిగి ఉండొచ్చు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి "25 పాయింట్ల తేడా" అనడమే తప్పు. సోలతో కొలిచిన బియ్యాన్నీ కాటాలో తూచిన బియ్యాన్నీ అంకెలు చూసి పోల్చినట్టు ఉంటుంది.

ముందు ఆ అంకెలు ఎలా పుట్టాయో చూడండి. విస్క్-5 అమెరికాలో 2014లో వచ్చింది. 6 నుంచి 16 ఏళ్ల వయసున్న అక్కడి పిల్లల మీద ప్రమాణాలు కట్టారు. బాబుని అదే వయసు అమెరికన్ పిల్లల వరసలో నిలబెట్టి, మధ్యన ఉన్నవాడికి 100 ఇస్తారు. మధ్య నుంచి ఎంత దూరంలో ఉన్నాడో 15 పాయింట్లు ఒక మెట్టుగా (ప్రామాణిక విచలనం) లెక్కిస్తారు. 91 అంటే వందమందిలో సుమారు 27 మంది కంటే పైన. దాని చుట్టూ కొలత పొరపాటుకి చోటు వదలాలి కాబట్టి రిపోర్టులో 86 నుంచి 97 దాకా ఓ పరిధి కూడా రాసి ఉంటుంది, చూడండి.

బినే-కామత్ లెక్క అలా ఉండదు. అందులో మానసిక వయసుని అసలు వయసుతో భాగించి వందతో గుణిస్తారు. మీ బాబుకి సరిగ్గా 100 నెలలు, కాబట్టి 116 అంటే మానసిక వయసు 116 నెలలు, అంటే 9 ఏళ్ల 8 నెలలు. ఈ పద్ధతిలో ఒక ఏడాది ముందంజకి ఐదేళ్ల పిల్లాడికి 120 వస్తుంది, పదేళ్లవాడికి 110 వస్తుంది. అందుకే ఇక్కడి 116, వెక్స్లర్ పరీక్షలో వచ్చే 116 ఒకటి కావు. పైగా ఇది వి.వి. కామత్ 1930లలో కన్నడ, మరాఠీ పిల్లల కోసం మలిచిన బినే పరీక్ష. తర్వాత సవరణ జరిగినా ఆ ప్రమాణాలు పాతవే. జేమ్స్ ఫ్లిన్ అనే పరిశోధకుడు 1984లో చూపించినదాని ప్రకారం అమెరికాలో పదేళ్లకి దాదాపు 3 పాయింట్ల చొప్పున పిల్లల స్కోర్లు పెరుగుతూ వచ్చాయి. పాత ప్రమాణాలతో కొలిస్తే ఇప్పటి పిల్లలు ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తారు. అలాగని ఆ 3 పాయింట్ల లెక్క పట్టుకుని 116లోంచి తీసివేతలు చేయకండి, అది అమెరికా పిల్లల లెక్క. మన దగ్గర ఎక్కువగా వాడే మరో పరీక్ష మాలిన్ స్కేల్‌కీ ఇదే ఇబ్బంది. అది 1969 నాటిది, దాని మూలం 1949లో వచ్చిన మొదటి విస్క్.

ఇక భాష. చాలామంది "ప్రశ్నలు తెలుగులోకి మారిస్తే చాలు" అనుకుంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

అంకెలు విని తిరిగి చెప్పే భాగం తీసుకోండి. ఇంగ్లీషులో ఒకటి నుంచి తొమ్మిది దాకా పలకడానికి 10 పలుకు ముక్కలు (సిలబుల్స్) సరిపోతాయి, సెవెన్‌కి మాత్రమే రెండు. తెలుగులో ఒకటికి మూడు, నాలుగుకి మూడు, ఎనిమిదికి నాలుగు, ఇలా మొత్తం 23. మనసులో మాట తిరుగుతూ నిలిచేది సుమారు రెండు సెకన్లే. ఆ కాస్త వ్యవధిలో పట్టే తెలుగు అంకెలు తక్కువ. బ్రిటన్‌లోని వేల్స్‌లో మాట్లాడే వెల్ష్ భాష విషయంలో ఇదే జరుగుతోందని 1980లోనే పరిశోధకులు చూపించారు. వెల్ష్ పిల్లల జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదు, అంకెలు పలకడానికే ఎక్కువసేపు పడుతోంది. తెలుగులో అడిగి ఇంగ్లీషు ప్రమాణాలతో మార్కులేస్తే పిల్లాడికి ఊరికే నష్టం. ఇంట్లో తెలుగు మాట్లాడినా అంకెలు మాత్రం "ఫైవ్, త్రీ, నైన్" అనే పిల్లలే ఇప్పుడు ఎక్కువ. వాళ్లకి సూచనలు తెలుగులో, అంకెలు ఇంగ్లీషులో ఇచ్చి, ఆ సంగతి రిపోర్టులో రాయడం సరైన పద్ధతి.

పదాల అర్థాలు అడిగే భాగంలో దెబ్బ ఇంకోలా తగులుతుంది. ప్రశ్నలు తేలిక నుంచి కష్టానికి పేర్చి ఉంటాయి, వరసగా మూడు తప్పితే ఆపేస్తారు. అనువాదంలో ఆ వరస చెదిరిపోతుంది. ఇంగ్లీషులో తేలికైన మాటకి తెలుగులో పుస్తకాల్లో తప్ప వినపడని మాట దొరుకుతుంది, కష్టమైనదానికి పసిపిల్లలకీ తెలిసిన మాట దొరుకుతుంది. మధ్యలో మూడు గట్టి మాటలు పక్కపక్కన పడితే, ఆ తర్వాతివి తెలిసినా అడిగే అవకాశమే రాదు. రెండు వస్తువుల పోలిక అడిగేచోట కూడా అంతే. (అసలు ప్రశ్నలు ఇక్కడ రాయను, బయటికొస్తే పరీక్ష పాడవుతుంది.) "బస్సుకీ సైకిల్‌కీ పోలికేంటి?" అంటే తెలుగు పిల్లాడు "పోలిక" అనే మాట విని రూపం గురించి చెబుతాడు: "రెండింటికీ చక్రాలుంటాయి." "రెండూ ఏ రకం వస్తువులు?" అని అడిగితే "వెహికిల్స్" అంటాడు. మార్కు మారిపోయింది, పిల్లాడు మారలేదు. మీ బాబుకి అక్కడికక్కడ అనువాదం చేసి అడిగారా, ముందే సిద్ధం చేసిన తెలుగు ప్రతి వాడారా అన్నది తప్పకుండా కనుక్కోండి.

"అయితే మాటలు అక్కర్లేని బొమ్మల పరీక్ష, రావెన్స్ చేయిస్తే గొడవ పోతుంది కదా" అని ఇంకొకరు రాశారు. కొంతవరకే. సంస్కృతి అంటని పరీక్ష అనే పేరు దానికి వచ్చింది గానీ, ఫ్లిన్ చూపిన పెరుగుదల అన్నిటికంటే ఎక్కువ కనిపించింది ఆ తరహా పరీక్షల్లోనే. పజిల్స్, వర్క్‌బుక్కులు, ఒకే సరైన జవాబు వెతికే అలవాటు, ఇవన్నీ అందులోకి వచ్చేస్తాయి.

దేశాల మధ్య పోలిక జాగ్రత్తగా చేసేవాళ్లు ఎలా చేస్తారో తెలియాలంటే యంగ్ లైవ్స్ అధ్యయనం చూడండి. 2002 నుంచి ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లల్ని అనుసరించింది. బొమ్మ చూపించి పదం పోల్చే పీబాడీ పరీక్షని తెలుగులోనూ చేశారు. ప్రతి భాషలోనూ ఏ ప్రశ్న సరిగ్గా పనిచేయడం లేదో విడిగా పరీక్షించారు. అంత చేశాక కూడా ఒక భాష స్కోరుని ఇంకో భాష స్కోరుతో నేరుగా పోల్చవద్దనే చెప్పారు. నెట్‌లో తిరిగే "దేశాలవారీ ఐక్యూ" పట్టికలు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. విస్క్ పూర్తి రిపోర్టు అడిగి తీసుకోండి, ఒక్క 91 ఉన్న పేజీ కాదు. అందులో ఐదు విభాగాల స్కోర్లు ఉంటాయి. మాటల విభాగం 80 దగ్గర, బొమ్మల తర్కం 105 దగ్గర ఉందనుకోండి, ఆ రెంటినీ కలిపిన 91కి పెద్దగా అర్థం లేదు. పది ముఖ్యమైన ఉపపరీక్షలూ చేసి ఉంటే, మళ్లీ పరీక్ష పెట్టకుండానే వాటిలో ఆరింటితో నాన్‌వెర్బల్ ఇండెక్స్ (మాటల అవసరం తక్కువగా ఉండే స్కోరు) లెక్కకట్టొచ్చు. మొత్తం ఐక్యూకి కావాల్సిన ఏడే చేసి ఆపేసి ఉంటే కుదరదు, ఎందుకంటే అందులో విజువల్ పజిల్స్, పిక్చర్ స్పాన్ ఉండవు. ఈ ఇండెక్స్ గురించి స్కూలు సైకాలజిస్టుని ఈమెయిల్‌లో అడగండి. అన్ని విభాగాలూ 90 చుట్టుపక్కలే ఉంటే మాత్రం నెపం భాష మీద పెట్టడం కష్టం.

స్పెషల్ ఎడ్యుకేషన్ కోసమే ఈ పరీక్ష అయితే, వైకల్యాలున్న పిల్లల చదువు కోసం ఉన్న అమెరికా ఫెడరల్ చట్టం ఐడియా (IDEA) ప్రకారం, బొత్తిగా వీలుకాదంటే తప్ప, పిల్లాడి మాతృభాషలో మదింపు చేయాలి. అలా చేయమని రాతపూర్వకంగా కోరండి. 1970లో కాలిఫోర్నియాలో స్పానిష్ మాట్లాడే పిల్లల్ని ఇంగ్లీషులో పరీక్షించి మందబుద్ధి తరగతుల్లో వేసినందుకు డయానా కేసు నడిచింది. ఈ రక్షణలకి దారి వేసిన కేసుల్లో అదొకటి. తెలుగు సైకాలజిస్టు దొరకకపోతే దుబాసీని పెడతారు. ఆ పని మీరు చేయకండి. తల్లిదండ్రుల గొంతులోనే సగం జవాబు వినిపిస్తుంది. దుబాసీకి కూడా ముందురోజే సూచనలు చూపించాలి, "ఇంకొంచెం ఆలోచించు నాన్నా" లాంటి మాటలు అనకూడదని చెప్పాలి.

ఇండియాలో మళ్లీ చేయించాలనుకుంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదు నంబరున్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. విస్క్-4కి భారతీయ ప్రమాణాలతో వచ్చిన కూర్పు ఉంది, ఇంగ్లీషు మీడియం పిల్లాడికి బినే-కామత్ కంటే నా ఓటు దానికే. మీ బాబు పుట్టి పెరిగిందే అమెరికాలో కాబట్టి ఆ ప్రమాణాలు కూడా అతికినట్టు సరిపోవు. ఒకే పరీక్షని ఏడాదిలోపు మళ్లీ పెడితే, ముఖ్యంగా దిమ్మెలు పేర్చే భాగంలో, అలవాటు వల్లే కొన్ని పాయింట్లు పెరుగుతాయి.

స్కూలు మీటింగ్‌కి 116 కాగితం తీసుకెళ్లి "మావాడి ఐక్యూ ఇదీ" అని వాదిస్తే వాళ్లు పక్కన పెట్టేస్తారు. దాని బదులు ఆ రిపోర్టులో తెలుగులో బాబు ఏ పనులు చేయగలిగాడో, ఏవి చేయలేకపోయాడో రాసిన పేరాని ఇంగ్లీషు చేయించి ఇవ్వండి. బాబు ఎన్నో ఏట ఇంగ్లీషు వినడం మొదలుపెట్టాడో కూడా ఒక లైను జత చేయండి.