పాత సినిమా డిస్కు కొనేముందు పుస్తకం కొనండి

“పాత తెలుగు సినిమాలంటే చాలా ఇష్టం. ఇంట్లో దాచుకోదగ్గ డీవీడీలు, చదవదగ్గ పుస్తకాలు చెప్పగలరా?” అన్నది మీ ప్రశ్న. చెబుతాను. అయితే మీరు అడిగిన వరస మారుస్తాను. పుస్తకం ముందు, డిస్కు తర్వాత. పుస్తకం చేతిలో లేనివారికి డిస్కులో ఏం పోయిందో తెలిసే దారి లేదు. మన పాత సినిమాల డిస్కుల్లో ఏదో ఒకటి పోనిది చాలా అరుదు.

మాది ప్రొద్దుటూరు. మా మేనమామ పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవారు. మైదుకూరులో నాటకమన్నా జమ్మలమడుగులో అన్నా పెట్టెను సైకిలు వెనక కట్టుకుని బయలుదేరేవారు. బి.ఎన్. రెడ్డి తీసిన పాత ‘మల్లీశ్వరి’ ఆయనకు కంఠతా వచ్చు. చిన్నప్పుడు టూరింగు టాకీసులో చూశారు. ఆ తర్వాత ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం వేసినప్పుడల్లా రేడియో దగ్గర కూర్చున్నారు. పెద్దతనంలో ఆయనకు చూపు మందగించింది. ఆ సినిమా ఇంకోసారి చూపిద్దామని డీవీడీ తెచ్చి పెట్టాను.

మొదటి పాట రాగానే ఆయన మొహం చిట్లించారు. “శ్రుతి తేడాగా ఉంది నాయనా” అన్నారు. “భానుమతి గారిదా మామా?” అన్నాను. “ఆమెకు తప్పడమా! తప్పింది నీ పెట్టెకు” అని, అత్త చేత హార్మోనియం తెప్పించుకున్నారు. ఆయన దగ్గరున్న పాత క్యాసెట్టును టేపురికార్డరులో పెట్టి అదే పాట వేయమన్నారు. ఎడమ చేత్తో తిత్తి ఊదుతూ ఒక మెట్టు నొక్కి పట్టుకున్నారు. క్యాసెట్టులో పాట సరిగ్గా ఆ మెట్టు మీద కూర్చుంది. ఇప్పుడు డిస్కు వేయమన్నారు. పాట ఆ మెట్టుకు పైన ఉంది, పక్క మెట్టుకు కింద ఉంది. ఏ మెట్టు నొక్కినా కలవలేదు. రెంటి మధ్యా వేలాడుతోంది.

అక్కడితో అయిపోలేదు. ఆ సినిమాలో రాయలవారి ఎదుట ప్రదర్శించే ఉషాపరిణయం యక్షగానం మామకు ప్రాణం. అది వచ్చే సమయానికి వేళ్లు మెట్ల మీద పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. తెర మీద ఒక్క గంతులో వేరే దృశ్యం వచ్చేసింది. “ఉషాపరిణయం ఏదీ?” అన్నారు. వెనక్కి తిప్పాను, ముందుకు తిప్పాను. లేదు. లోపలి నుంచి రేకుపెట్టె తెప్పించి అడుగున ఉన్న పాటల పుస్తకం తీశారు. వెనకటికి సినిమాహాలు దగ్గర అమ్మేవారు చూడండి, నాలుగైదు కాగితాలు కలిపి కుట్టినది, ముందు కథాసంగ్రహం, చివర “మిగతా వెండితెరపై చూడండి” అని ఉండేది, అది. నన్ను చదవమని, డిస్కులో వచ్చిన పాటకల్లా పెన్సిలుతో గీత పెట్టించారు. గీత పడని చోట్లు బయటపడ్డాయి. తర్వాత టీవీ ఆపించి, మింగేసిన ఆ యక్షగానాన్ని మొదలు నుంచి చివరి దాకా తానే వాయిస్తూ పాడారు. అట్ట మీద మాత్రం ‘పూర్తి చిత్రం’ అని పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉంది. ఆ డిస్కు వేసిన కంపెనీ పేరు చెప్పను. అలాంటివి ఒకటి కాదు.

శ్రుతి సంగతి తర్వాత కడపలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే మిత్రుడు విడమరచి చెప్పాడు. సినిమా తీసేది సెకనుకు 24 ఫ్రేముల, అంటే 24 బొమ్మల లెక్కన. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో సెకనుకు 25. ఎక్కించేటప్పుడు సరిచేయకుండా 24ను 25గా పరిగెత్తిస్తే సినిమా నూటికి నాలుగు పాళ్లు వేగం పెరుగుతుంది, శబ్దం హార్మోనియం మీద ఒక మెట్టుకు కాస్త తక్కువగా పైకి పోతుంది. మూడు గంటల సినిమా ఏడు నిమిషాల ముందే అయిపోతుంది. కాబట్టి నిడివి ఏడెనిమిది నిమిషాలు తగ్గితే కత్తెర పడిందని వెంటనే అనుకోనక్కర లేదు. ఇరవై నిమిషాలు తగ్గితే మాత్రం సందేహమే లేదు, కత్తెరే. చూపు ఆనని మనిషి చెవితో పట్టుకున్న తేడాను, అన్ని యంత్రాలు ముందు పెట్టుకుని డిస్కు తయారుచేసినవారు పట్టుకోలేదంటే, వారు ఆ పాట ఒక్కసారైనా విన్నారని నేను నమ్మను.

డీవీడీలకు ముందు వచ్చిన వీసీడీల కాలంలో ఇంకా అన్యాయం. ఒక వీసీడీలో పట్టేది మహా అయితే 80 నిమిషాలు. ‘మాయాబజార్’, ‘పాతాళభైరవి’ మూడు గంటలు దాటే సినిమాలు. వాటికి మూడు డిస్కులు కావాలి. మూడో డిస్కు ఖర్చు ఎందుకని రెండింటిలో కుక్కినవారున్నారు. రెండింటికి 160 నిమిషాలు. మిగతాది ఎక్కడికి పోయిందో అడిగే దిక్కు లేదు. ముందుగా బలయ్యేవి పద్యాలు, తర్వాత పాటలు, తర్వాత హాస్యం. ఒకే డీవీడీలో మూడు సినిమాలు ఇస్తున్నామని గొప్పగా అమ్మేవి అసలే కొనకండి. మామూలు డీవీడీ 4.7 జీబీ. మూడు సినిమాలు పట్టాలంటే బొమ్మను నలిపి నలిపి పెట్టాలి. చీకటి దృశ్యాల్లో మనిషి మొహం గళ్లుగళ్లుగా కనిపించేది అందుకే.

ఇంకొకటి, తెర ఆకారం. 1950ల సినిమాలు దాదాపు చతురస్రంగా ఉండే చట్రంలో తీసినవి, వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు. ఇప్పటి వెడల్పు టీవీ నిండాలని వాటిని అడ్డంగా సాగదీస్తారు, లేదా పైనా కిందా కోసేస్తారు. సాగదీస్తే సావిత్రి మొహం గుమ్మడికాయ అవుతుంది. కోస్తే ఎస్వీ రంగారావు కిరీటం ఎగిరిపోతుంది. రెండు పక్కలా నల్లపట్టీలు ఉంటేనే అది సరైన డిస్కు. పట్టీలు కనిపిస్తున్నాయని రిమోటు పట్టుకుని జూమ్ నొక్కేవారు మా ఇంట్లోనూ ఉన్నారు. ఆ గొడవ ఇంకా తేలలేదు.

ఇక పుస్తకాలు. మొదట రావి కొండలరావు గారివి. నటుడిగా అందరికీ తెలుసు గానీ ‘విజయచిత్ర’ పత్రికను ఏళ్ల తరబడి నడిపిన చెయ్యి ఆయనది. ఆయన ‘బ్లాక్ అండ్ వైట్’ చదవండి. స్టూడియో లోపల మసలిన మనిషి రాత అది, బయట నుంచి విని రాసింది కాదు. మల్లీశ్వరిని, మాయాబజార్‌ను ఆయన వెండితెర నవలలుగా, అంటే సినిమా కథనే నవలగా, రాశారు. నేను పైన చెప్పిన పద్ధతికి అవే ఆయుధాలు. నవల ఒళ్లో పెట్టుకుని సినిమా చూడండి, ఎక్కడ గంతు వేసిందో మీకే తెలుస్తుంది.

తర్వాత ముళ్లపూడి వెంకటరమణ. ‘కోతికొమ్మచ్చి’ ఎలాగూ అందరూ చెబుతారు, చదవాల్సిందే. నేను అంతకంటే ముందు చదవమనేది ఆయన సాహితీ సర్వస్వంలోని ‘సినీరమణీయం’. సినిమాను ప్రేమిస్తూనే మొహమాటం లేకుండా ఎలా తూకం వేయాలో అందులో ఉంది. భానుమతి గారి ‘నాలో నేను’ కూడా తీసుకోండి. ఆమె నటనలో కనిపించే తెగువే రాతలోనూ ఉంటుంది. పరిశోధన కావాలంటే రెంటాల జయదేవ ‘మన సినిమా ఫస్ట్ రీల్’. మన తొలి పూర్తి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931లో విడుదలైందని అందరూ ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోతుంటే, అది 1932 ఫిబ్రవరి 6న అని పాత పత్రికలు తిరగేసి తేల్చిన మనిషి ఆయన. ఆ సినిమా ప్రింటు నేడు లేదు. ఇంగ్లిషు చదవగలిగితే ఆశిష్ రాజాధ్యక్ష, పాల్ విలెమెన్ కూర్చిన భారతీయ సినిమా విజ్ఞానసర్వస్వం ఒక్కటి చాలు. 1994లో వచ్చింది, 1999లో సవరించారు, సవరించిన ముద్రణే కొనండి. తెలుగు సినిమాలకు అందులో మంచి చోటు దక్కింది.

నలుపు తెలుపు సినిమాకు తర్వాత రంగులద్దిన మాయాబజార్ సంగతి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 2010 జనవరిలో హాళ్లకు వచ్చింది. శబ్దం శుభ్రం చేశారు, దానికి చేతులెత్తి దండం పెడతాను. కానీ నిడివి తగ్గించారు, పైగా ఆ రంగులు నాకు సమ్మతం కాదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపుల మధ్య ఎన్ని ఛాయలు పట్టాడో చూడాలంటే ‘లాహిరి లాహిరి’ పాట చాలు. అందులో చాలా భాగం స్టూడియోలో దీపాలతో సృష్టించిన వెన్నెల. నీళ్ల మీద మెరుపు, మొహాల మీద చల్లదనం, అంతా వెలుగునీడల లెక్క. దాని మీద రంగు పూస్తే ఆ లెక్క చెరిగిపోతుంది. మీ పిల్లలు నలుపు తెలుపు చూడరని అంటారేమో. మొదటి పావుగంట పక్కన కూర్చోండి, ఘటోత్కచుడు వచ్చాక వారే మిమ్మల్ని మాట్లాడనివ్వరు.

మాయాబజార్ చూసేవారికి నా ఇంకో సలహా, సురభి వారి మాయాబజార్ నాటకం కూడా చూడండి. ఆ సురభి ఎక్కడిదనుకున్నారు? మా కడప జిల్లా ఊరే. 1885లో అక్కడే ‘కీచకవధ’ నాటకంతో మొదలైంది ఆ నాటక కుటుంబం. అసలు ఈ సినిమాల మూలం చాలావరకు మా సీమలోనే ఉంది. మాయాబజార్ తీసిన కె.వి. రెడ్డి పుట్టింది తాడిపత్రిలో. వాహినీ స్టూడియోకు డబ్బు పెట్టి నిలబెట్టిన మూలా నారాయణస్వామిదీ తాడిపత్రే. మల్లీశ్వరి తీసిన బి.ఎన్. రెడ్డి, మాయాబజార్‌ను నిర్మించిన విజయా సంస్థ నడిపిన నాగిరెడ్డి అన్నదమ్ములు, మా కడప జిల్లా వారే. ఇద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది, 1974కు అన్నకు, 1986కు తమ్ముడికి. ఒక్క ఇంట్లో రెండు ఫాల్కేలు! అయినా సీమ అంటే సినిమావాళ్లకు బాంబులూ వేటకొడవళ్లే గుర్తొస్తాయి. ఆ మాట వచ్చినప్పుడల్లా నా కడుపు మండుతుంది. మల్లీశ్వరి అంత మెత్తని సినిమా తీసినవాడు ఈ ఎర్రమట్టి మీద పుట్టినవాడని ఎవరూ గుర్తు చేయరు.

ఇదే ఊపులో, 1947లో కె.వి. రెడ్డి తీసిన ‘యోగి వేమన’ ఎక్కడ దొరికినా వదలకండి. నాగయ్య గారి నటన కోసం చూడండి. చూసేముందు కడప ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి ఒకసారి వెళ్లి రండి. వేమన పద్యాలను సేకరించి 1829లో అచ్చు వేయించిన బ్రౌన్ దొర నివసించిన చోటు అది.

బయటి భాషల క్లాసిక్‌లు కావాలంటే సత్యజిత్ రాయ్ అపు త్రయం కొనండి, అపు అనే కుర్రవాడి కథగా తీసిన మూడు బెంగాలీ సినిమాలు. 1993లో లండన్‌లోని ల్యాబులో మంటలు రేగి ఆ నెగటివ్‌లు కాలాయి. ఆ కాలిన రీళ్లలో పనికొచ్చినవాటిని, మిగతా చోట్ల వేరే కాపీలను తీసుకుని ఇటలీలోని బొలోన్యాలో ఒక్కో ఫ్రేమూ బాగుచేసి, అమెరికాకు చెందిన క్రైటీరియన్ సంస్థ 2015లో బయటికి తెచ్చింది. కాలిన సినిమాకే అంత మర్యాద జరిగితే, కాలని మన సినిమాలకు ఏం జరిగిందో పైన చెప్పాను. ఒక జాగ్రత్త. బ్లూరే డిస్కులకు దేశాన్ని బట్టి రీజియన్ అనే తాళం ఉంటుంది. అమెరికా బ్లూరేలు ఎక్కువగా ఎ రీజియన్‌వి, మన దేశంలో అమ్మే ప్లేయర్లు సి రీజియన్‌వి. అన్ని రీజియన్లూ ఆడించే ప్లేయరు లేకుండా వేలు పోసి తెప్పించుకోకండి.

పాత ‘విజయచిత్ర’ సంచికలు, పాటల పుస్తకాలు కొత్త పుస్తకాల దుకాణాల్లో దొరకవు. మా ఊళ్లో దుకాణాలన్నీ పోటీపరీక్షల పుస్తకాలతో నిండిపోయాయి. పాతకాగితాలు తూకానికి కొనేవారిని పట్టుకోండి. ఎవరింట్లోనైనా పెద్దవారు పోయి అల్మారాలు ఖాళీ చేసే రోజున ఇలాంటివి బస్తాల్లో బయటికి వస్తాయి. మీ ఫోను నంబరు ముందే ఇచ్చి ఉంచండి, తూకం ధరకు రెండింతలు ఇస్తామని చెప్పండి. డిస్కులు దొరికితే తెచ్చిన రోజే కంప్యూటర్లోకి ఎక్కించుకోండి, మన ఎండలకూ దుమ్ముకూ అవి ఎక్కువ కాలం ఆగవు. ఒక్క జతే కొనగలిగితే మల్లీశ్వరి డిస్కు, మల్లీశ్వరి వెండితెర నవల తీసుకోండి. డిస్కు పెట్టగానే నేరుగా ఉషాపరిణయం దగ్గరికి వెళ్లి చూడండి. అది పూర్తిగా ఉంటే ఉంచుకోండి, లేకపోతే ఆ రోజే దుకాణానికి తీసుకెళ్లి వాపసు ఇచ్చేయండి.